గోడవెనక చెంచురామయ్య

పిచ్చుకలదిన్నెకు పూర్వం ఒక జబ్బు ఉండేది. కొత్తమనిషి ఎవరైనా బస్సు దిగి "ఫలానా వాళ్ళ ఇల్లు యాడ?" అంటే చాలు, టీ అంగడి ముందున్న వాళ్ళందరికీ చేతినిండా పని దొరికేది. ఒకడు తూర్పుకు చెయ్యి చూపించేవాడు. ఇంకొకడు "తూర్పున పోతే చుట్టు, సందులో పడి పో" అనేవాడు. మూడోవాడు ఆ ఇంటాయన ఇప్పుడు ఇంట్లో ఉండడనీ, అల్లుడొచ్చాడు గనక కోడిని బేరమాడే పనిలో ఉంటాడనీ, ఆ అల్లుడికి కోడికంటే చేపలిష్టమనీ చెప్పేవాడు. నాలుగోవాడు ఏమీ మాట్లాడకుండా కొత్తమనిషి చేతిసంచి లాక్కుని ముందు నడిచేవాడు. ఒక్కోసారి తప్పు ఇంటికే తీసుకుపోయేవాడనుకోండి, అయినా ఆ ఇంట్లోనూ మజ్జిగ ఇచ్చేవాళ్ళు.

ఇది జబ్బని ఊరికి తెలియదు. సర్వోత్తమరావుగారు వచ్చి చెబితేనే తెలిసింది.

సర్వోత్తమరావుగారు పౌర ఆచూకీ సంస్థకు ప్రత్యేకాధికారి. రాజధానిలో చల్లటి గదిలో కూర్చోబెట్టి ఆయనకు ఇంటర్నెట్టు గుట్టు చెప్పారు. ప్రపంచంలో ఎన్ని కంప్యూటర్లున్నా ఏ ఒక్కదానికీ అందరి చిరునామాలూ తెలియవట. దాని పరిధిలో ఉన్నవే దానికి తెలుసట. పరిధి దాటిన సంగతి అడిగితే "నన్ను కాదు, ఫలానా దాన్ని అడుగు" అంటుందట. ఆ ఫలానాది ఇంకో ఫలానాదాన్ని చూపిస్తుందట. అట్లా పోయి పోయి అసలుదాని దగ్గర జవాబు దొరుకుతుందట, అదీ రెప్ప వాల్చి ఎత్తేలోపల. ఆ మాట విన్నప్పటినుంచీ ఆయనకు అన్నం సయించలేదు. పిచ్చుకలదిన్నె మనుషులు కంప్యూటర్లకంటే దేంట్లో తీసిపోయారని ఆయన బాధ.

ఊరికి కంప్యూటర్లయితే వచ్చాయి. పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండలు వేసి, రిబ్బను కట్టి, ప్లాస్టిక్ తొడుగులు తియ్యకుండానే బల్లల మీద నిలబెట్టారు. మంత్రిగారొచ్చి కత్తెర పట్టేదాకా వాటిని తాకకూడదు. వాటిని ఒకదానితో ఒకటి కలిపే తీగ ఇంకా రాలేదు. వేరే మనిషయితే తీగ వచ్చేదాకా ఆగేవాడు. సర్వోత్తమరావుగారు ఆగే రకం కాదు.

"తీగ ఇవాళ కాకపోతే రేపొస్తుంది. పద్ధతి ముందు రావాలి," అన్నారు సిబ్బందిని కూర్చోబెట్టి. "కంప్యూటరు వచ్చి చెయ్యబోయే పనిని అంతవరకూ మానవ వనరుల ద్వారా నిర్వహించడమే మన సంకల్పం."

సంకల్పం బోర్డు మీద బొమ్మగా గియ్యమని ఆఫీసు సూపరింటెండెంటు మాల్యాద్రికి చెప్పారు. ఈదూరు మాల్యాద్రి పొట్టిగా, గుండ్రంగా, పైవాళ్ళు ఏం చెప్పినా దాన్ని వాళ్ళకంటే రెండాకులు ఎక్కువ నమ్మే మనిషి. వేళ్ళు ఆకాశంలోనూ ఆకులు నేలమీదా ఉండేటట్టు ఒక చెట్టు గీశాడు. పైన మూలకేంద్రం, దాని కింద కొమ్మ కేంద్రాలు, వాటి కింద ఆకు కేంద్రాలు.

వెనక బెంచీలోంచి ఖాదర్‌వలీ చెయ్యెత్తాడు. అతను అంతకుముందు దర్జీ, ఇప్పుడు ఊరి చివర పాత సినిమాహాలు దగ్గరి కొమ్మ కేంద్రానికి అధికారి.

"సార్, తలకిందుల చెట్టుకు నీళ్ళు యాడ పొయ్యాల?"

"పైనుంచి," అన్నారు సర్వోత్తమరావుగారు తడుముకోకుండా.

"అయితే వానే దిక్కన్నమాట," అని ఖాదర్‌వలీ కూర్చున్నాడు.

పద్ధతి చెప్పుకుంటే చాలా తేలిక. మూలకేంద్రానికి ఎవరి ఇల్లూ తెలియకూడదు, ఏ కొమ్మను అడగాలో మాత్రమే తెలియాలి. కొమ్మకు ఏ ఆకును అడగాలో తెలియాలి. ఇంటి గుమ్మం ఆకుకు మాత్రమే తెలియాలి. ఏ ప్రశ్నయినా "ఆచూకీ ఒకటి పాయింట్ ఐదు" అని మొదలుపెట్టాలి, లేకపోతే అవతలివాడికి అర్థం కాకూడదు. ఏ జవాబయినా "సరి" అన్న మాటతో ముగియాలి. సరి అనకపోతే జవాబు అయిపోలేదని లెక్క, అడిగినవాడు అక్కడే నిలబడాలి. ఒక ఆకు కేంద్రంలో ముసలాయన జవాబు చెప్పి సరి అనడం మరిచి భోజనానికి పోతే, పక్కూరినుంచి వచ్చిన గొర్రెల వ్యాపారి సాయంత్రందాకా ఎండలో నిలబడ్డాడు, గొర్రెలతో సహా.

అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటుంది. తన పరిధి కాని సంగతి ఇరుగుపొరుగు వల్లనో, చుట్టరికం వల్లనో, కళ్ళుండటం వల్లనో ఎవరికైనా తెలిసిపోతే, దాన్ని అనధికార జ్ఞానం అంటారు. అది బయటపెట్టకూడదు, పెడితే మెమో. పని మీద పక్క కేంద్రంనుంచి విన్న సంగతయితే కొద్ది గడువు వరకూ గుర్తుంచుకోవచ్చు. గడువు తీరగానే మరిచిపోవాలి. ఊరికే మరిచిపోతే చాలదు, మరిచిపోయినట్టు సంతకం పెట్టాలి. సాయంత్రమయ్యేసరికి మాల్యాద్రి బల్ల మీద మరపు పత్రాలు దొంతరగా ఉండేవి. వాటిని చదివి ఎవడు నిజంగా మరిచిపోయాడో ఎవడు మరిచిపోయినట్టు నటిస్తున్నాడో మొహం చూసి పట్టడంలో మాల్యాద్రికి మంచి పేరొచ్చింది.

కొత్త అల్లుడొకడు పండగకని వచ్చి అత్తగారిల్లు అడిగాడు. మూలం కొమ్మను చూపింది, కొమ్మ ఆకును చూపింది, ఆకు మధ్యాహ్నం నిద్రలో ఉంది. నిద్రలో ఉన్న కేంద్రాన్ని మళ్ళీ మళ్ళీ అడగాలే గానీ పక్కనున్న వాళ్ళను అడగకూడదు. అల్లుడు ఆ కేంద్రం ఎదురుగా ఉన్న అరుగు మీద, అది అత్తగారిదేనని తెలియక, కూర్చుని అడుగుతూ పోయాడు. అత్తగారు కిటికీలోంచి చూస్తూ, మెమోకు భయపడి, "ఎవరో పాపం, మన అల్లుడి పోలికే" అని గట్టిగా అనడం తప్ప ఏం చెయ్యలేకపోయింది. పిల్లవాడికి గడ్డం పెరిగాక గానీ భోజనం దొరకలేదు. నమ్మకపోతే ఆ గడ్డం ఇప్పటికీ తియ్యలేదు, చూసుకోవచ్చు.

ఆకు కేంద్రాలకు మనుషులు కావాలి కదా. చెరువుకట్ట వీధి ఆకు కేంద్రానికి పాములు పట్టే చెంచురామయ్యను వేశారు. పూర్వం ఎవరింట్లో పాము కనబడ్డా "చెంచురామయ్యా" అని ఒక్క కేక చాలు, తింటున్న ముద్ద వదిలేసి వచ్చేవాడు. ఇప్పుడు కుర్చీ వచ్చింది, జేబుకు తగిలించుకునే బిళ్ళ వచ్చింది, తలకు టోపీ వచ్చింది. ఆ కుర్చీలో కూర్చున్నాక చెంచురామయ్య మెడ తిప్పడం కూడా తగ్గించాడు. చెరువుకట్ట వీధిలో గది దొరక్క ఆ ఆకు కేంద్రాన్ని మూలకేంద్రం వెనక వరండాలోనే పెట్టారు. అంటే మాల్యాద్రి కుర్చీకీ చెంచురామయ్య కుర్చీకీ మధ్య ఒక్క గోడ. చెంచురామయ్య చుట్ట కాల్చి దగ్గితే మాల్యాద్రి టీ గ్లాసులో టీ వణికేది. అయినా మాల్యాద్రికి ఆ దగ్గు ఎవరిదో అధికారికంగా తెలియదు.

మాల్యాద్రి భార్య పెంచలమ్మ. మేనమామ కూతురు, చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషి, అందుకే భయమూ లేదు భక్తీ లేదు. మాల్యాద్రి ఇంటికొచ్చి "పెంచలా, నా కండువా యాడుంది?" అంటే, పొయ్యి దగ్గరనుంచి లేవకుండా, "పడకగది కొమ్మను అడుగు బావా. అది బీరువా ఆకును చూపిస్తుంది. సరి," అనేది.

"వెటకారం చెయ్యబాక. దేశమంతా ఈ దారినే పోతంది."

"పోనీలే. దేశం యాడికి పోయినా నువ్వు మటుకు భోజనానికి ఇంటికి రా."

ఆ మాటా నిజమే. మూలకేంద్రం పెట్టాక మాల్యాద్రి మధ్యాహ్నం ఇంటికి రావడం మానేశాడు. ఆమె కబురు చేసినా వచ్చేవాడు కాదు. ఇంట్లో గ్యాసు అయిపోయినా, కాలు బెణికినా, ఆమె ఫోను చేస్తే "పద్ధతి ప్రకారం అడుగు" అనేవాడు. పెంచలమ్మ నవ్వేసేది. నవ్వు మాత్రం రానురాను చిన్నదవుతూ వచ్చింది. అది మాల్యాద్రి పరిధిలో లేని సంగతి గనక అతనికి తెలియలేదు.

ఇలా ఉండగా రాజధానినుంచి పరిశీలక బృందం వచ్చింది. బృందానికి అధ్యక్షులు దక్షిణామూర్తిగారు. తెల్లటి గిరజాలు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, మాట మాత్రం లేదు. ఏది చూసినా "ఊఁ" అనేవారు. ఆ ఊఁ మెచ్చుకోలో, మందలింపో, అజీర్తో ఎవరికీ అంతు పట్టేది కాదు. ఆయన వెంట వచ్చిన మిగతావాళ్ళు ఆ ఊఁ ను మాటల్లో పెట్టి రాసుకునేవాళ్ళు. ఈ బృందం మెచ్చుకుంటే పిచ్చుకలదిన్నె పద్ధతి జిల్లా అంతటా వస్తుంది, మాల్యాద్రి జిల్లా మూలకేంద్రానికి అధిపతి అవుతాడు.

మూలకేంద్రంలో రిబ్బను కట్టిన కంప్యూటరు పక్కన అధ్యక్షులవారిని కూర్చోబెట్టారు. కొబ్బరినీళ్ళు ఇచ్చారు. సర్వోత్తమరావుగారు కిటికీ దగ్గర నిలబడి ప్రశ్న కోసం ఎదురుచూశారు. ఒక్కడూ రాలేదు. వస్తే గదా! ఊళ్ళో జనం అడగడం మానేసి చాలాకాలమైంది. చుట్టాలొస్తున్నారంటే బస్సు దగ్గరికే ఎదురు పోయి, దుప్పటి కప్పి, ఎవరూ చూడకుండా ఇంటికి తోలుకుపోతున్నారు.

"ఒక్క ప్రశ్న, మాల్యాద్రీ! ఒక్కటంటే ఒక్కటి కావాలి," అన్నారు సర్వోత్తమరావుగారు పళ్ళ మధ్యనుంచి. "ప్రత్యక్ష నిర్వహణ చూపించకపోతే మన భవిష్యత్తు నిరవధికంగా వాయిదా పడుతుంది."

"ఊఁ," అన్నారు అధ్యక్షులవారు గోడకేసి చూస్తూ.

సరిగ్గా అప్పుడు మాల్యాద్రి జేబులో ఫోను మోగింది.

"బావా, వంటింట్లో పాము దూరింది," అంది పెంచలమ్మ. "నేను పొయ్యి గట్టెక్కి కూర్చున్నా, ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని. అది బియ్యం డబ్బా పక్కన చుట్ట చుట్టుకొని నన్నే చూస్తా ఉండాది. నువ్వు రా. వచ్చేటప్పుడు చెంచురామయ్యను పిల్చుకుని రా."

గోడవెనక చెంచురామయ్య దగ్గాడు. టీ వణికింది. "చెంచురామయ్యా!" అని ఒక్క కేక వెయ్యడానికి మాల్యాద్రి ఊపిరి తీసుకున్నాడు కూడా.

ఫోనులో మాటలు విన్న సర్వోత్తమరావుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"దైవం పంపింది మాల్యాద్రీ. ప్రశ్న! జీవన్మరణ ప్రశ్న! అధ్యక్షా, ఇప్పుడు ఒక సామాన్య పౌరురాలు పాములు పట్టువాని ఆచూకీ కోరుచున్నారు. మా వ్యవస్థ ఏ విధంగా స్పందిస్తుందో తమరు ప్రత్యక్షంగా వీక్షించగలరు."

"ఊఁ."

"సార్," అన్నాడు మాల్యాద్రి గొంతు తగ్గించి, "ఆయన ఈ గోడ..."

"ఏ గోడ? నీ పరిధిలో గోడలు లేవు. అనధికార జ్ఞానం బయటపెట్టే ముందు ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూసుకో."

మాల్యాద్రి చూశాడు. ఎదురుగా జిల్లా మూలకేంద్రం కూర్చుని ఉంది, గిరజాలు సర్దుకుంటూ. అతను ఊపిరి మింగేశాడు.

ఫోనులో "వస్తన్నావా బావా?" అంది పెంచలమ్మ.

"వస్తన్నా పెంచలా. పద్ధతి ప్రకారం వస్తన్నా. కదలబాక."

"నేను యాడికి పోతాను, గట్టు మీదుంటే," అని పెంచలమ్మ పెట్టేసింది.

ప్రశ్న అడగాల్సింది మాల్యాద్రి. ప్రశ్నకు మూలకేంద్రంలో జవాబు చెప్పాల్సిందీ మాల్యాద్రే. ఇద్దరూ ఒకే కుర్చీలో ఉండటానికి నియమం ఒప్పదు. అందుకని మాల్యాద్రి బయటికి పోయి, కిటికీ ముందు నిలబడి, లోపలి ఖాళీ కుర్చీకేసి "ఆచూకీ ఒకటి పాయింట్ ఐదు. పాములు పట్టే చెంచురామయ్య యాడుండాడు?" అని అడిగాడు. పరుగున లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని, ఖాళీ కిటికీకేసి "మూలకేంద్రానికి తెలియదు. సినిమాహాలు కొమ్మను అడగండి. సరి," అన్నాడు. మళ్ళీ బయటికి పోయి కిటికీకి దణ్ణం పెట్టాడు. బృందం చప్పట్లు కొట్టింది.

సినిమాహాలు ఊరికి ఆ చివర. మాల్యాద్రి ముందు, వెనక సర్వోత్తమరావుగారు, ఆ వెనక రెండు కార్లలో బృందం. దారిలో టీ అంగడి ముందు జనం లేచి నిలబడ్డారు. మాల్యాద్రి ఉరుకులు చూస్తే ఏదో జరిగిందని వాళ్ళకు అర్థమైంది. ఏం కావాలో అడగాలని అందరి నాలుకలూ దురద పెట్టాయి. అందరూ నోటికి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

ఖాదర్‌వలీ మాల్యాద్రి మొహం చూసి లేచాడు. "ఏందన్నా, అట్లుండావు?"

"పాము ఖాదరూ! వంటింట్లో! చెంచురామయ్య యాడ?"

ఖాదర్‌వలీ నోరు తెరిచాడు. చెయ్యి కూడా మూలకేంద్రం దిక్కుకు లేచింది. అంతలో కార్లు ఆగాయి, గిరజాలు దిగాయి. చెయ్యి కిందికి దిగి చొక్కా గుండీ సర్దుకుంది.

"ప్రశ్న అర్థం కాలేదు," అన్నాడు ఖాదర్‌వలీ.

"ఆచూకీ ఒకటి పాయింట్ ఐదు! చెంచురామయ్య యాడ?"

"నిన్నటిదాకా తెలుసన్నా. గడువు తీరింది. ఈ పొద్దున్నే మరిచిపోయినట్టు నీ ముందరే సంతకం పెట్టినా గదా. నువ్వు నా మొహం చూసి, 'నిజంగానే మరిచిపోయినావు, శభాష్' అన్నావు." ఖాదర్‌వలీ గిరజాలకేసి ఓరగా చూశాడు. "ఏ ఆకో మళ్ళీ గుర్తు తెచ్చుకోవాలంటే మూలకేంద్రం అనుమతియ్యాల. మూలకేంద్రాన్ని అడుగన్నా. సరి."

"మూలకేంద్రం నేనే గదరా!"

"అది నా పరిధి కాదన్నా."

"ఊఁ," అన్నారు అధ్యక్షులవారు. పక్కనున్నాయన 'స్మృతి నిర్మూలన ఆదర్శప్రాయం' అని రాసుకున్నాడు.

మాల్యాద్రి వెనక్కి పరిగెత్తాడు. కిటికీ బయట నిలబడి అడిగాడు. లోపలికొచ్చి, కొమ్మకు గుర్తు తెచ్చుకునే అనుమతి కాగితం రాశాడు. బయటికి పోయి అందుకున్నాడు. మళ్ళీ సినిమాహాలుకు పరిగెత్తి ఖాదర్‌వలీకి ఇచ్చాడు. ఖాదర్‌వలీ దాన్ని చదివి, ఇప్పుడే తెలుసుకున్నవాడిలా ఆశ్చర్యపోయి, "చెరువుకట్ట వీధి ఆకు కేంద్రం. అది మూలకేంద్రం వెనక వరండాలో ఉండాది. సరి!" అని ఒక్క గుక్కలో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

దారిలో ఫోను మోగింది.

"బావా, పాము కదిలింది. ఇప్పుడు గట్టు కిందికొచ్చింది."

"వస్తన్నా పెంచలా, కొమ్మ దాటినాను, ఆకు మిగిలింది."

"నువ్వు చెట్లెక్కతన్నావా, ఇంటికి వస్తన్నావా?"

వెనక వరండాలో చెంచురామయ్య టోపీ పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. గోడకవతల జరిగిన సంగతంతా అతను విన్నాడు. మొహంలో మాత్రం ఏమీ లేదు.

"ఆచూకీ ఒకటి పాయింట్ ఐదు," అన్నాడు మాల్యాద్రి వగరుస్తూ. "చెంచురామయ్యా, చెంచురామయ్య యాడుండాడు?"

చెంచురామయ్య పెట్టె తెరిచాడు. అట్టముక్కలు ఒక్కొక్కటే తడి వేలితో తిప్పాడు. ఒకటి తీసి, దూరంగా పట్టుకుని చదివాడు. "చెంచురామయ్య. వృత్తి పాములు పట్టడం. చెరువుకట్ట వీధి, మునగచెట్టు పక్క గుడిసె. సరి."

"ఆ గుడిసెలో ఎవరూ లేరు గదయ్యా! నువ్వు ఈడుండావు!"

"ఆ చెంచురామయ్య వేరు సారూ," అన్నాడు చెంచురామయ్య ఎంతో మర్యాదగా. "ఈ కుర్చీలో ఉన్నంతసేపూ నేను ఆకును. ఆకు ఆయన ఆచూకీ చెప్పగలదు గానీ ఆయన కాలేదు. మీరే గదా నేర్పినారు. మొదట్లో ఒకసారి పాము కేక వినబడి లేవబోతే మెమో కూడా ఇచ్చినారు. ఇదుగో, జేబులోనే పెట్టుకున్నా."

సర్వోత్తమరావుగారు చెంచురామయ్యను కౌగిలించుకోబోయి, కేంద్రాన్ని తాకకూడదని గుర్తొచ్చి ఆగిపోయారు.

"విన్నారా అధ్యక్షా! మనిషి పూర్తిగా నిష్క్రమించి, శుద్ధమైన సేవ మాత్రమే మిగిలిన స్థితి! అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు లభించింది. ఒక్క జవాబు కూడా సరి లేకుండా ముగియలేదు. ప్రయోగం సంపూర్ణ విజయం. ఇక లోపల సన్మాన కార్యక్రమం."

"సార్, పాము ఇంకా..." అన్నాడు మాల్యాద్రి.

"పాము అనేది అమలు విభాగానికి సంబంధించిన అంశం. మనది ఆచూకీ విభాగం."

మాల్యాద్రి కాళ్ళు ఇంటి వైపు తిరిగాయి. భుజాలు సన్మానం వైపు తిరిగాయి, ఎందుకంటే వాటిమీద సర్వోత్తమరావుగారి చెయ్యి ఉంది. మధ్యలో ఉన్న మాల్యాద్రి ఎటు పోవాలో ఎవర్నన్నా అడుగుదామనుకున్నాడు. ఏ కేంద్రాన్ని అడగాలో తోచలేదు. అలా తేల్చుకోలేక ఊగుతూ ఊగుతూనే లోపలికి తోయబడ్డాడు. అధ్యక్షులవారు శాలువా చేతిలోకి తీసుకుని "ఊఁ" అనబోతుండగా వీధి తలుపు తోసుకుని పెంచలమ్మ వచ్చింది.

నెత్తిమీద గంప. గంపమీద చాట. చాటమీద పచ్చడి నూరే బండ. చెమట కారుతున్నా బొట్టు చెదరలేదు. తిన్నగా నడిచొచ్చి గంపను అధ్యక్షులవారి ముందు, రిబ్బను కట్టిన కంప్యూటరు పక్కన దించింది. గంపలో ఏదో బుస్సుమంది.

"ఆచూకీ ఒకటి పాయింట్ ఐదు," అంది పెంచలమ్మ. "దీన్ని ఎవరికి అప్పజెప్పాల?"

అందరూ సర్వోత్తమరావుగారిని చూశారు.

"మూలకేంద్రాన్ని సంప్రదించండి. సరి," అన్నారాయన వెనక్కి జరుగుతూ.

పెంచలమ్మ మాల్యాద్రికేసి తిరిగింది. ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు పాముకంటే ఎక్కువ భయపడ్డాడు మాల్యాద్రి. కానీ ఇన్నాళ్ళ అలవాటు నోటికి అంటుకుపోయి ఉంది. "కొమ్మను..." అన్నాడు.

సన్మానానికని వచ్చిన ఖాదర్‌వలీ "ఆకును..." అన్నాడు గోడకు కరుచుకుపోయి.

వెనక వరండాలోంచి చెంచురామయ్య గొంతు వినిపించింది. "చెంచురామయ్య, మునగచెట్టు పక్క గుడిసె. సరి."

"సరే మరి," అంది పెంచలమ్మ. బండ తీసి పక్కన పెట్టింది. చాట తీసింది.

లోపలున్నది తల పైకెత్తి, ఎవరిని అడగాలా అన్నట్టు ఒక్కొక్కరి మొహమూ చూసి, అధ్యక్షులవారి మొహం నచ్చినట్టుంది, అటు సాగింది.

అధ్యక్షులవారు ఆ పర్యటన మొత్తంలో మొదటిసారి నోరు తెరిచారు.

"తలుపెటు?"

అందులో ఆచూకీ లేదు, ఒకటి లేదు, పాయింట్ లేదు. అయినా మాల్యాద్రికి ప్రశ్న నిలువెల్లా అర్థమైంది. పూర్వపు జబ్బు ఒక్కసారి తిరగబెట్టింది.

"అటు సార్! బల్ల చుట్టూ పోతే ఆలస్యం, బెంచీ మీదనుంచి దూకండి! ఆ తలుపు గడియ పట్టేస్తది, ఎడం పక్కది తియ్యండి!"

సరి అనలేదు. ఎవరూ సరి కోసం ఆగలేదు. సర్వోత్తమరావుగారు ఎవరూ చూపించకుండానే కిటికీని కనుక్కున్నారు. బృందంలో కొందరు తలుపునూ, కొందరు ఒకరినొకరూ కనుక్కున్నారు. పాము వాళ్ళ హడావుడికి బెదిరి, బల్లెక్కి, బంతిపూల దండలోంచి జారి, కంప్యూటరు ప్లాస్టిక్ తొడుగులో దూరింది. మంత్రిగారికంటే ముందు ప్రారంభోత్సవం అయిపోయింది.

సందడిలో ఎవరో వెనక వరండా మీదుగా పారిపోతూ చెంచురామయ్య కుర్చీని తన్నేశారు. చెంచురామయ్య కింద పడ్డాడు. టోపీ ఒక మూల, బిళ్ళ ఇంకో మూల. కుర్చీ పోయింది గనక ఆకు కేంద్రమూ పోయింది. లేచి నిలబడి చూసుకుంటే వట్టి చెంచురామయ్య మిగిలాడు. లోపలికి ఒక్క అంగలో వచ్చి, తొడుగులో చెయ్యి పెట్టి, తోక పట్టి బయటికి లాగి పైకెత్తి చూశాడు.

"అమ్మా, ఇది జెర్రిపోతు గదా! ఎలకలు తినేది. దీనికి విషం యాడిది?"

"నాకు తెలుసులే చెంచురామయ్యా," అంది పెంచలమ్మ.

మాల్యాద్రి ఆమెకేసి చూశాడు. "తెలుసా? తెలిసి నన్నెందుకు అంత ఉరుకులు పెట్టించినావు?"

"అది కదిలితే గంప బోర్లించడం నాకు చేతగాదా బావా? మా నాయన కళ్ళంలో రోజుకొకటి పట్టేవాళ్ళం." పెంచలమ్మ గంప తీసి చంకన పెట్టుకుంది. "పామొచ్చిందన్నా కూడా వస్తావో రావో చూద్దామని."

ఆమె వాకిలి దాటి సందు మలుపు తిరిగేదాకా మాల్యాద్రి అక్కడే నిలబడ్డాడు.

బృందం రాజధానికి చేరాక పిచ్చుకలదిన్నెకు రెండు కాగితాలొచ్చాయి. పరిశీలనకు వచ్చిన ఉన్నతాధికారిని ఏ మధ్యవర్తీ లేకుండా తిన్నగా తలుపు దగ్గరికి పంపినందుకు మాల్యాద్రికి మెమో. ముట్టుకోవడానికి ఎవరూ సాహసించని విధంగా కంప్యూటరును భద్రపరిచినందుకు సర్వోత్తమరావుగారికి ప్రశంసాపత్రం, దాంతోపాటు ఇంకా పెద్ద ఊరికి బదిలీ. ఆ ఊరివాళ్ళు బస్సు దగ్గర దుప్పట్లు పట్టుకుని నిలబడుతున్నారని వినికిడి.

అవన్నీ తరవాతి సంగతులు. ఆ రోజు సాయంత్రం మాత్రం, ఎవరూ లేని మూలకేంద్రంలో కూర్చుని, మాల్యాద్రి తన మరపు పత్రం తాను రాసుకున్నాడు. 'నేటి ఆచూకీలన్నియు మరిచిపోయితిని' అని రాసి, చాలాసేపు కలం నములుతూ కూర్చుని, కింద 'మా ఇల్లు తప్ప' అని చేర్చి, సంతకం పెట్టి, తాళం వేశాడు. దారిలో టీ అంగడి ముందు ఎవరో కొత్తమనిషి ఏదో ఇల్లు అడుగుతున్నాడు. మాల్యాద్రి అతని చేతిసంచి లాక్కుని ముందు నడిచాడు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. గంప దాని మేకుకు అది వేలాడుతోంది. మాల్యాద్రి కాళ్ళు కడుక్కుని, గుమ్మం బయటే నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"ఆచూకీ ఒకటి పాయింట్ ఐదు. పెంచలమ్మ మొగుడికి అన్నం యాడ?"

లోపల గరిటె చప్పుడు ఆగింది. ఏ కొమ్మను చూపిస్తుందో, ఏ ఆకును చూపిస్తుందో, రాత్రంతా ఎన్ని గుమ్మాలు తిప్పుతుందో అని మాల్యాద్రి గుండె పట్టుకుని నిలబడ్డాడు.

"ఈడే," అంది పెంచలమ్మ. పీట వాల్చిన చప్పుడైంది. "సరి."